మేకుల మీది తాబేలు

ఆదివారం పొద్దున లిఫ్టు మెకానిక్ కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చాడు. గోడ వంక చూశాడు. గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

గోడ నిండా స్కేట్‌బోర్డులే. ఒక్కోటీ రెండు మేకుల మీద, అడుగున ఉన్న బొమ్మ మనవైపు కనిపించేలా తిప్పి ఉంటుంది. కొన్నిటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. వాటిలో ఒక్కటి కూడా నేల తాకి ఎరగదు. తాకితే విలువ పోతుందని అతని సిద్ధాంతం. ఒకసారి చుట్టాలాయన ఎవరో "ఇవి ఇస్త్రీ బల్లలా బాబూ?" అని అడిగితే, రెండు రోజులు అతనికి ముద్ద దిగలేదు.

మధ్య వరసలో రెండు మేకులు ఖాళీగా ఉన్నాయి.

"తాబేలేది?"

అతని భార్య కుట్టుమిషను మీంచి తల ఎత్తలేదు. "ఏ తాబేలండీ?"

"ఇంట్లో ఎన్ని తాబేళ్లున్నాయి?"

"నన్నడిగితే రెండు. ఒకటి గోడ మీద, ఒకటి నా ఎదురుగా."

మామూలు రోజయితే నవ్వేవాడు. కానీ ఇంకో గంటలో కళ్లజోళ్ల షాపాయన వస్తున్నాడు. ఆయనకూ ఇదే పిచ్చి. ఆయన దగ్గర ఒక పచ్చ బోర్డు ఉంది. చిన్నప్పుడు ఈ మెకానిక్, అతని తమ్ముడు ఇద్దరూ కలిసి వంతులేసుకుని తొక్కిన బోర్డు అచ్చం అలాంటిదే. అదే పచ్చ, అదే తెల్ల చుక్క. వాళ్లది ఏనాడో విరిగి పొయ్యిలోకి పోయింది. ఇది మాత్రం ఫ్యాక్టరీ నుంచి నిన్న వచ్చినట్టుంది. దాని కోసం అతను తిరగని సంత లేదు. షాపాయన ఎట్టకేలకు దిగొచ్చాడు, ఒకే షరతు మీద: బదులుగా తాబేలు కావాలి. అలాంటిది లోకంలో రెండోది లేదు మరి.

ఎందుకంటే అది ఫ్యాక్టరీలో పుట్టింది కాదు. వడ్రంగి పనిచేసే తమ్ముడు స్వయంగా చెక్కి, అడుగున చక్రాల మీద పరిగెత్తే తాబేలు బొమ్మ వేసి, అన్నకి ఉద్యోగం వచ్చినప్పుడు 'చక్రాలు నువ్వే బిగించుకో' అని తెచ్చి చేతిలో పెట్టాడు. అన్న మురిసిపోయి మేకులు కొట్టి తగిలించాడు. ఆ తర్వాత కొన్నాళ్లు తమ్ముడు వారం వారం వచ్చి, గోడ వంక చూసి, ఏమీ అనకుండా కాఫీ తాగి వెళ్లేవాడు. తర్వాత రావడం మానేశాడు. ఇప్పటికి ఏళ్లు గడిచాయి. 'చేతిలో పనెక్కువై తలకెక్కింది వాడికి' అనుకున్నాడు అన్న. అప్పట్నుంచి ప్రతి ఆదివారం బోర్డులన్నీ తుడిచి, చక్రాలు బిగుసుకుపోకుండా వేలితో తిప్పుతాడు గానీ, తాబేలు జోలికి మాత్రం పోడు.

వంటింట్లో అతని తల్లి బఠాణీలు ఒలుస్తోంది.

"అమ్మా, బొంగరం ఏది?"

బొంగరం అంటే కూతురు. పదహారేళ్ల పిల్ల. ఒక్కచోట నిలవదని నానమ్మే పెట్టింది ఆ పేరు.

"బొంగరం ఎక్కడుంటుందిరా పెద్దాడా? తిరుగుతూ ఉంటుంది."

"వెటకారం తర్వాత. దాన్ని చూశావా లేదా?"

"నిన్న నువ్వు ఫోన్లో 'తాబేలు ఇచ్చేస్తాను' అన్నావు చూడు, అప్పుడు చూశాను. తలుపు పక్కనే నిలబడుంది. ముఖం ఇంత చేసుకుంది."

పిల్ల గదిలోకి పరిగెత్తాడు. ఆమె సొంత బోర్డు మంచం మీద వెల్లకిలా పడి ఉంది. దానికి చక్రాల్లేవు. చెత్తబుట్టలో పొడుగ్గా చుట్టుకున్న మైనం కాగితం. పాదం జారకుండా బోర్డు పైన అంటించే గరుకు కాగితానికి వెనకుండేది అదే. అంటే పిల్ల తాబేలుకి చక్రాలు బిగించింది, గరుకు కాగితం అంటించింది, తొక్కడానికి పట్టుకుపోయింది.

"అయిపోయింది," అన్నాడు. "అంతా అయిపోయింది."

"ఎవరైనా పోయారా ఏమిటండీ?" అంది భార్య మిషను ఆపి.

అతను అప్పటికే స్కూటరు మీద ఉన్నాడు. కాలికి ఇంటి చెప్పులే. ఎడమ చెప్పు ఎప్పట్లాగే నిలవడం లేదు. చిన్నప్పుడు ఆ చీలమండ విరిగి వంకరగా అతుక్కుంది. పాదం కాస్త బయటికి తిరిగి ఉంటుంది.

మార్కెట్ వెనక మూతపడిన గోదాము ఉంది. దాని ముందు సిమెంటు పలకలు పరిచిన వాలు. ఊళ్లో చక్రాలున్న పిల్లలంతా అక్కడే చేరతారు. ఒకప్పుడు అతనూ, తమ్ముడూ చేరేవారు. దారిలో జేబులో ఫోను మోగుతూనే ఉంది. తీయలేదు.

గోదాము మలుపులో స్కూటరు ఆపగానే చప్పుడు వినిపించింది. పలకల అతుకుల మీద చక్రాలు. టక్-టక్. టక్-టక్.

అతను కదలకుండా నిలబడ్డాడు. లిఫ్టు గూట్లో నిలబడి చప్పుడు విని, పైన ఎంత బరువు కదులుతోందో చెప్పే మనిషి అతను. ఇది పిల్ల బరువు కాదు. ఎవరో లావాటి మనిషి. పైగా ఆ తోపు చిత్రంగా ఉంది. అందరూ వెనక కాలితో నేలని తంతారు. ఈ మనిషి ముందు కాలితో తంతున్నాడు: ఒక పొడుగు తోపు, వెంటనే ఒక పొట్టి తోపు. ఎంత తిట్టినా ఆ అలవాటు మానని వెధవ అతనికి ఒక్కడే తెలుసు.

మలుపు తిరిగాడు. తమ్ముడే. బట్టతల, బొజ్జ, కనుబొమల్లో రంపపుపొట్టు. తాబేలు మీద జారుకుంటూ వస్తున్నవాడు అన్నని చూసి తుళ్లిపడి దిగాడు.

"నాన్నా, బాబాయిని ఏమీ అనకు! నేనే పిలిచాను," అంది బొంగరం అడ్డం వచ్చి.

"నిన్ను కూడా వదుల్తాననుకుంటున్నావా? ఎవరినడిగి తీశావే? దాని అడుగు చూశావా?"

తిప్పి చూశాడు. గట్టు అంచుకి ఒరుసుకుని తాబేలు డిప్ప మీద అడ్డంగా ఇంత గీత. రంగు పోయి తెల్ల చెక్క బయటపడింది.

"ఎంత పని చేశావురా! ఇన్నేళ్లు మచ్చ పడకుండా దాచాను!"

"దాచావు," అన్నాడు తమ్ముడు. గొంతు పెంచలేదు. "ఎవరి కోసం? కళ్లజోళ్లాయన కోసమా?"

"అది కాదురా. అదిస్తే మన పచ్చ బోర్డు వస్తుంది. నువ్వూ నేనూ ఇక్కడే..."

"మన బోర్డు మనిద్దరం విరగ్గొట్టాం అన్నయ్యా. అమ్మ దాంతో నీళ్లు కాచింది."

"అచ్చం అలాంటిదేరా!"

"నాన్నా," అంది బొంగరం. కళ్లలో నీళ్లు, గొంతులో పౌరుషం. "బాబాయితో తొక్కిన బోర్డు లాంటిదాని కోసం, బాబాయి చేసిన బోర్డు ఇచ్చేస్తావా?"

ఫోను మళ్లీ మోగింది. అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు గానీ ఎత్తలేదు. ఆ ప్రశ్న తనకి ఇన్నాళ్లూ తట్టకపోవడమే అతనికి వింతగా ఉంది.

"నువ్వెందుకురా రావడం మానేశావు?" అన్నాడు చివరికి.

"వచ్చి ఏం చూడను? వచ్చినప్పుడల్లా అది గోడ మీదే ఉండేది. ఒక్కసారి ఎక్కి ఒక మాట అంటావని ఎదురుచూశాను. అనలేదు. నా పని నీకు నచ్చలేదనుకున్నాను."

"నచ్చకపోతే గోడకెక్కిస్తానా?"

"నచ్చితే నువ్వెక్కుతావు గానీ!"

"ఏం మాట అనాలిరా నేను?"

బొంగరం మధ్యలో గొణిగింది. "అదేం బోర్డో నాన్నా! పొద్దున్నుంచీ తొక్కుతున్నాను, నాకు కుదరనే లేదు. కాలు ఒక పక్కకి లాగేస్తోంది."

"అది నీ కోసం చేసింది కాదమ్మా," అన్నాడు బాబాయి. బోర్డుని కాలితో అన్న ముందుకు తోశాడు. "ఎక్కు."

"మోకాళ్లు ఒప్పుకోవురా."

"చెప్పులు విప్పి ఎక్కు."

అతను చెప్పులు విప్పాడు. తమ్ముడి భుజం పట్టుకుని కుడి కాలు వేశాడు, తర్వాత ఎడమ కాలు. అతని ముఖం మారిపోయింది.

గరుకు కాగితం కింద చెక్కలో చిన్న పల్లం ఉంది. కంటికి ఆనదు, పాదానికే తెలుస్తుంది. బయటికి తిరిగిన మడమకి ఒక వాలు, ఎత్తుగా పొడుచుకొచ్చిన ఎముకకి ఒక గుంట. ఆ వంకర పాదం ఏ చెప్పులోనూ, ఏ బూటులోనూ ఇంత సుఖంగా ఇమడలేదు. పుట్టినింటికి వచ్చినట్టు దిగి కూర్చుంది.

"నా కాలు..." అన్నాడు.

"ఎప్పుడూ ఆ కాలు జారే కదా పడేవాడివి. నువ్వు నిద్రపోతుంటే కొలత తీసుకున్నాను. ఎక్కితే నీకే తెలుస్తుందని చెప్పలేదు."

లిఫ్టు మెకానిక్ తల వంచేసుకున్నాడు. పిల్ల ముందు ఏడవకూడదని చాలా ప్రయత్నించాడు. కుదరలేదు.

ఫోను ఇంకా మోగుతోంది. ముక్కు తుడుచుకుని ఎత్తాడు. "మీ ఇంట్లోనే ఉన్నాను. పచ్చది తెచ్చాను. తాబేలు ఏది?" అన్నాడు షాపాయన.

"అది నేల మీద నడిచిందండీ. ఇక మీకు పనికిరాదు."

"అయ్యయ్యో! గీత పడిందా?"

"పడింది. ఇంకా పడతాయి. మా అమ్మ బఠాణీలు ఒలుస్తోంది, కాసేపు సాయం చేసి వెళ్లండి."

బొంగరం పకపకా నవ్వింది. తమ్ముడు అన్న చేయి పట్టుకుని వాలు అంచుకి నడిపించాడు. చక్రాలు చిన్నగా కదిలాయి. అన్న రెండో చేత్తో తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు.

"ఒరే చిన్నాడా, చెయ్యి వదలకురా!"

"పక్కనే పరిగెత్తుతాను అన్నయ్యా. కానీ వదిలితేనే కదులుతావు."

వదిలాడు.