బంగారం కార్ఖానా వెనక గేటు

ఆ బంగారు నగల కార్ఖానాలో వెనక గేటంటే మగరాయుళ్లకే దడ. ఎప్పుడో ఒక చెక్కుడు పనివాడు, దొంగతనం అంటగట్టారని, అక్కడే కుప్పకూలి ప్రాణం వదిలాడట. అప్పట్నుంచి ఆ గేటుకున్న మెటల్ డిటెక్టరు, మనిషి లేకపోయినా కీచుమంటుందని చెప్పుకుంటారు. నేను నమ్మను. మా బావ నమ్ముతాడు... రాత్రి కాపలా ఆయనదే మరి.

ఒక రాత్రి పని ముగించుకుని అందరూ ఒక్కొక్కరే దాటారు. గేటు గప్‌చుప్. చివర్లో మెరుగు పనివాడు — ఊపిరితిత్తికి ఆపరేషనై అప్పుడే తిరిగి పనిలో చేరినవాడు — అడుగు పెట్టాడో లేదో...

కీచ్!

జేబులు దులిపారు. బెల్టు, చెప్పులు, ఉంగరం తీయించారు. ఏమీ లేదు. మళ్లీ దాటాడు... మళ్లీ కీచ్!

మర్నాడూ అదే తంతు. యజమాని కళ్లెర్రజేశాడు.

"రేపు కూడా కూసిందో, పోలీసులకి అప్పగిస్తా."

మూడో రాత్రి అతను గేటు ముందే ఆగిపోయాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు.

"అన్నా... ఆ చచ్చినాయన నన్ను పట్టుకున్నాడేమో," అని గొణిగాడు. "పక్కకి తిరిగి పడుకుంటే లోపల ఏదో గుచ్చుతోంది. ఇంట్లో చెప్తే మా ఆవిడ హడలిపోతుందని..."

"ఊరుకో తమ్ముడూ," అన్నాడే గానీ, మా బావకీ ముచ్చెమటలు పట్టాయి. చేతిలో పట్టుకునే డిటెక్టరు తీశాడు. కాళ్ల దగ్గర... చప్పుడు లేదు. పొట్ట దగ్గర... లేదు. కుడి పక్కటెముకల మీద కుట్ల మచ్చ దగ్గరికి రాగానే —

కీచ్!

"మింగేశాడు!" యజమాని ఎగిరిపడ్డాడు. "పదండి, ఎక్స్‌రే తీయిద్దాం. నా బంగారం ఎక్కడికి పోతుంది?"

"మింగితే పొట్టలో ఉండాలి కదండీ," అన్నాడు మా బావ. ఆ మహానుభావుడు వింటేగా!

ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికే తీసుకెళ్లారు. ఏ పాపమూ ఎరగనివాడు, దారి పొడుగునా దొంగలా తలొంచుకుని కూర్చున్నాడట. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది.

వెలుగుతున్న తెర మీద ఫిల్ము పెట్టారు. యజమాని ఆత్రంగా ముందుకి వంగాడు.

బంగారం కాదు... పక్కటెముకల వెనకాల, అరచేతంత పటకారు. ఆపరేషన్‌లో రక్తనాళాల్ని నొక్కి పట్టేది.

ఇంతలో ఆపరేషన్ చేసిన డాక్టరు వచ్చాడు. ఫిల్ము చూశాడు. అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ రోజు ఒకటి తక్కువైందని నర్సు మొత్తుకుంది..." మెరుగు పనివాడి వైపు తిరిగాడు. "బల్ల కింద, బకెట్లలో, గదంతా వెతికాం...

నీలో తప్ప."