రేడియేటర్‌లో మీగడ

రష్యాలోని మా యారొస్లావ్ల్‌లో నవంబరు వచ్చిందంటే, ఎవరు ఎదురుపడినా ఒంట్లో ఎలా ఉందని అడగరు. మీ ఇంట్లో ఎన్ని డిగ్రీలు అని అడుగుతారు. మా వెనక గదిలో పదమూడు. ఆ మేడ యుద్ధానికి ముందు కట్టింది. మాది మూడో అంతస్తు. కిటికీ కింద గదిని వెచ్చబెట్టడానికి వేడినీళ్లు పారే పన్నెండు పలకల పోత ఇనుప రేడియేటర్, అమ్మమ్మ కాలం నుంచీ అదే. అందులో మూడు పలకలు కాలేవి, తొమ్మిది చచ్చిపడి ఉండేవి.

మామూలప్పుడైతే ఇంకో కోటు తొడుక్కుని ఊరుకునేదాన్ని. కానీ మర్నాడు పదకొండింటికి తయీసియా అక్క ఆస్పత్రి నుంచి బిడ్డతో ఆ గదికే వస్తోంది. నెలలు నిండకుండా పుట్టినవాడు, రెండు కిలోలు కూడా లేడు. గదిలో ఇరవై రెండు డిగ్రీలు లేకపోతే వీడు నిలవడని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది.

చలికాలంలో రేడియేటర్ మార్చాలంటే అంతస్తులన్నిటికీ వేడినీళ్లు మోసే నిలువు గొట్టం కట్టెయ్యాలి. దాని మీద ఐదు కుటుంబాలు బతుకుతున్నాయి. మేడ చూసే ఆఫీసువాళ్లు వేసవిలో రమ్మన్నారు. బిడ్డను కూడా వేసవిలో కనమని మా అక్కకి ముందే ఓ కాగితం రాయాల్సింది కదా అన్నాను. గంటన్నర నా నోరు భరించాక, వదిలిపోతే చాలనుకుని రెండు గంటలిచ్చారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు.

ప్లంబర్ ప్రోఖోర్ బాబాయ్ మా వీధి మొత్తానికీ ఒక్కడే. నేలమాళిగలో వాల్వు కట్టేసి, గొట్టంలోని నీళ్లు కాలవలోకి వదిలేసి, తలుపుకి తాళం వేసి, నేను కొన్న కొత్త తెల్ల రేకు రేడియేటర్ మోసుకుంటూ పైకొచ్చాడు. రాగానే రేడియేటర్‌కి నేను దొంగతనంగా పెట్టించుకున్న చిన్న కుళాయి ఆయన కంట పడింది. మా మేడలో అందరూ చేసే పనే అది. స్నానాల గదిలో వేడినీళ్లు ఆగిపోయినప్పుడల్లా రేడియేటర్‌లోంచి పట్టుకుంటాం.

"ఈ నీళ్లు దేనికి వాడుతున్నావే?"

"నేల తుడవడానికి బాబాయ్."

"నేల అంత నిగనిగలాడట్లేదే మరి."

ఆ నీళ్లతో తల రుద్దుకునేదాన్ని. ముందు రోజు బిడ్డ పొత్తిగుడ్డలు కూడా వాటితోనే ఉతికి, ఆ మూడు వెచ్చటి పలకల మీదే ఆరేశాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

చివర మూత కింద బేసిన్ పెట్టి, పానా బిగించి తిప్పాడు. మొదట గాలి వచ్చింది. ఎవరో ముసలివాళ్లు నోరు తెరిచి మొహం మీద ఊదినట్టు. తుప్పు వాసన నాకు అలవాటే. ఇది వేరు. నాలుగు రోజులు మూత పెట్టి మరిచిపోయిన మాంసం పులుసు వాసన, దాని కింద ఎక్కడో పుచ్చిన పంటి వాసన. నల్లటి నీళ్లు పడ్డాయి. కాసేపటికి నలుపు తగ్గి బూడిద రంగు వచ్చింది. నీళ్లలా జారడం లేదు, గంజిలా సాగుతోంది. చల్లటి బేసిన్ తగలగానే అంచుల్లో కొవ్వులా పేరుకుంటోంది.

రెండు బకెట్లు నిండితే అయిపోవాలన్నాడు బాబాయ్. మూడోది నిండింది. నాలుగోది కూడా. కిందకి వెళ్లి చూసొచ్చాడు. వాల్వు కట్టే ఉంది, గొట్టం ఖాళీగానే ఉంది. మరి ఇదెక్కడిదో తెలియదన్నాడు. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్న మనిషి, తెలియదని నా మొహం చూడకుండా చెప్పాడు.

బకెట్ ఎత్తబోతుంటే నా చెయ్యి అందులో మునిగింది. రేడియేటర్ నీళ్లు కాలుతాయి, లేదా చల్లారిపోతాయి. ఇది కాలడం లేదు... చల్లగానూ లేదు. మనిషి చంకలో చెయ్యి పెడితే ఉండే వేడి. వేళ్ల మధ్య జిగురు. స్నానాల గదికి పరిగెత్తి కక్కాను. సబ్బుతో మూడుసార్లు కడిగినా గోళ్ల సందుల్లో ఆ జిడ్డు వదల్లేదు. అప్పుడు నా జుట్టు గుర్తొచ్చింది. రెండు చలికాలాలు... ఆ నీళ్లతోనే. మళ్లీ కక్కాను.

తిరిగి వచ్చేసరికి మూడు దాటింది, నవంబరు కదా, బయట అప్పుడే చీకటి పడుతోంది. బాబాయ్ రేడియేటర్‌ని గొట్టం నుంచి విడదీసి, గది మధ్య చాప మీద పడుకోబెట్టాడు. లోపల ఏదో అడ్డం పడిందంటూ తీగ కొక్కెం దూర్చాడు. కొక్కెంతో పాటు పాల మీద మీగడలాంటి పొర ఒకటి బయటికొచ్చింది. పసుపు పచ్చగా, పల్చగా, తడిగా. చేతికి చుట్టుకుంటూ లాగాడు. గజం వచ్చింది. రెండు గజాలు... ఇంకా వస్తూనే ఉంది. దాని మీద సన్నటి ముడతలున్నాయి. చాలాసేపు నీళ్లలో నానిన వేళ్ల మీద ఉండే ముడతలు.

ఆగిపోయింది.

బాబాయ్ ఇంకాస్త గట్టిగా లాగాడు.

అటునుంచి కూడా... లాగింది.

"వదిలెయ్ బాబాయ్," అన్నాను.

ఆయన వదిలేశాడు. ఆ పొర జర్రున లోపలికి జారిపోయింది, చిన్నపిల్లలు సేమ్యా పీల్చుకున్నట్టు.

అప్పుడు మూడు దెబ్బలు వినిపించాయి. టంగ్, టంగ్, టంగ్. నాకు ప్రాణం లేచొచ్చింది. మా మేడలో గొట్టం మీద మూడు కొడితే, గోల చాలించండని. రెండు తిరిగి కొడితే, అయిపోవచ్చింది, కాస్త ఓర్చుకోండని. కింద ఉండే గ్లఫీరా మామ్మకి గోల గిట్టదు, ఆవిడే అనుకున్నాను. పానా తీసుకుని, గోడ దగ్గర నిలువు గొట్టం మీద రెండు కొట్టాను. అరచెయ్యి గొట్టం మీదే ఆనించి ఉంచాను.

జవాబు వచ్చింది. మూడు.

నా చేతి కింద గొట్టం అదరలేదు.

బాబాయ్ చాప వైపు చూస్తున్నాడు. ఏ గొట్టానికీ తగలకుండా, మూతలు విప్పి, ఖాళీగా పడి ఉన్న రేడియేటర్ వైపు. మళ్లీ మూడు. ఈసారి నెమ్మదిగా... లోపలి నుంచి.

"తిరిగి కొట్టకుండా ఉండాల్సిందమ్మా," అన్నాడాయన గుసగుసగా.

పనిముట్లు సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. నేను తలుపుకి అడ్డం నిలబడ్డాను. నాలుగింటికి నీళ్లు వదలకపోతే ఐదు ఇళ్లు గడ్డకడతాయని, రేపు పదకొండింటికి ఇక్కడికి వచ్చేవాడు రెండు కిలోలు కూడా లేడని, వాడు చలికి పోతే ఆస్పత్రి కాగితం మీద కారణం నేనే రాయిస్తానని, అందులో నీ పేరు కూడా ఉంటుందని అన్నాను.

"నీకు పెళ్లయితే ఆ మొగుడు నెల తిరక్కుండా సన్యాసం పుచ్చుకుంటాడే," అన్నాడు. సంచి కింద పెట్టాడు.

ముందు ఆ పాతదాన్ని చాపలో చుట్టి, మెట్ల మీదుగా పెరట్లోకి ఈడ్చాం. మెట్టు మెట్టుకీ గళగళమంది. కొత్తది బిగించేసరికి నాలుగింటికి ఐదు నిమిషాలుంది. వాల్వు తిప్పాక, ఆ తెల్లటి రేకు పలకలు ఒకదాని తర్వాత ఒకటి వేడెక్కాయి. పొత్తిగుడ్డలన్నీ చెత్తలో పారేసి, పరిగెత్తుకెళ్లి కొత్తవి కొనుక్కొచ్చాను. పొద్దున లేచేసరికి పెరట్లో చాప ఒక్కటే ఉంది. పాత ఇనుమువాళ్లు ఎత్తుకుపోయి ఉంటారు.

అక్క వచ్చేటప్పటికి గదిలో ఇరవై మూడు. బిడ్డ ఎర్రగా, పిడికిలంత మొహంతో ఉన్నాడు. ఏడవలేదు. ఆ వెచ్చదనంలో హాయిగా నిద్రపోయాడు. అక్క నన్ను కావలించుకుని, నువ్వు లేకపోతే వీడు లేడే అంది. అక్కకి పాలు సరిగా పడలేదు. జ్వరం కూడా ఉండటంతో వంతులేసుకున్నాం. రాత్రిళ్లు తను తన పాలతో, పగలు నేను డబ్బా పాలతో.

మూడో రోజు బిడ్డల్ని చూసే నర్సు వచ్చింది. త్రాసు మీద వాణ్ణి పెట్టి, ముల్లు చూసి, దించి, మళ్లీ పెట్టింది. నెలలు నిండనివాడు రెండు రోజుల్లో నాలుగు వందల గ్రాములు పెరగడం తన సర్వీసులో చూడలేదంది. ఏ పాలు పడుతున్నారో చెబితే మిగతా తల్లులకి కూడా రాసిస్తానంది.

అక్క నా వైపు చూసి నవ్వింది. "అంతా దీని చలవే. పగలంతా డబ్బా పాలు పట్టేస్తుంది. రాత్రి నేనెప్పుడు దగ్గరికి తీసుకున్నా, కడుపు నిండా ఉందన్నట్టు మొహం తిప్పేసుకుంటాడు."

నేను అల్మారా దగ్గరికి వెళ్లి పాల డబ్బా చేతిలోకి తీసుకున్నాను. పగలు పాలు కలిపే ముందు నేనెప్పుడు ఖాళీ సీసా పీక పెదాలకి ఆనించి చూసినా వాడు నోరు తెరవలేదు. రాత్రంతా అక్క దగ్గర తాగి ఉంటాడులే అనుకున్నాను. డబ్బా మూత మీద కాగితం సీలు చిరగలేదు.

త్రాసు మీద వాడు నెమ్మదిగా కళ్లు తెరిచాడు. పెదాలు ఒకసారి చప్పరించుకుని, తృప్తిగా తేన్చాడు. మూత పెట్టి మరిచిపోయిన మాంసం పులుసు వాసన వచ్చింది.