కోట గాదెలో ఒక మధ్యాహ్నం

కోటలు కొలిచి పటాలు గీయడం నా పని. రాళ్లతో నాకు ఓపిక ఎక్కువ, మనుషులతో తక్కువ. మొన్న వేసవిలో మడకశిర వైపు ఒక పాళెగాడి కొండకోటకు వెళ్లాను. సాయానికి మారెప్ప అనే ముసలి గచ్చు మేస్త్రీ వచ్చాడు.

కోటలో అన్నీ కూలిపోయాయి, ధాన్యం గాదె తప్ప. పక్కపక్కనే రెండు గదులు, బారెడు మందం గోడలు, ఒక్క కిటికీ లేదు. మొదటి గది కప్పులో మనిషి పట్టేంత కంత ఉంది. గింజలు దాంట్లోంచే పోసేవాళ్లట. రెండో గది కంతను ఎప్పుడో రాళ్లతో పూడ్చేశారు. గదుల మధ్య గోడలో నేలకు ఆనుకుని తల దూరేంత సందు. ఎలుకలు పాకకుండా లోపలంతా గచ్చు నున్నగా మెత్తారు. శత్రువుల దండు చుట్టుముట్టితే కోటంతా ఈ గాదె మీదే బతకాలి.

పొద్దున్నే మారెప్ప ఒక కట్టుబాటు చెప్పాడు. దిగేవాళ్లు కంత దగ్గరే చెప్పులు విడవాలట. గింజలుండే చోట చెప్పులతో తొక్కకూడదని ఒకటి, చెప్పులు కనిపించినంతసేపూ నిచ్చెన ఎవరూ తీయరని ఇంకొకటి. సరేనన్నాను. ఇలాంటివి ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడం నాకు అలవాటు.

మధ్యాహ్నం అతను బురుజు దగ్గరుంటే నేనొక్కదాన్నే వచ్చాను. బండ పెనంలా కాలుతోంది. చెప్పులతోనే దిగాను.

సందులో తల పెట్టి, టార్చి వెలుగులో గోడ మందం కొలుస్తున్నాను. తల బయటికి తీసేసరికి గదంతా చీకటి. నిచ్చెన లేదు. మేకలు పడకుండా కంత మీద బండ కప్పేశారు. ఫోను బురుజు దగ్గర వదిలిన సంచిలో ఉంది.

అరిచాను. నా గొంతు గోడలకు తగిలి నా మీదికే వచ్చింది. గోడ ఎక్కబోతే గోళ్లు జారిపోయాయి. పాత సున్నం వాసన. దాని వెనక తవుడు వాసన. ఊపిరాడడం లేదు... అరుస్తూనే ఉన్నాను.

"అరవొద్దక్కా. గొంతు ఎండిపోతాది. ఈడ నీళ్లు లేవు."

సందు అవతలి నుంచి... ఆడపిల్ల గొంతు. మొదట ప్రాణం లేచొచ్చింది. మేకలు కాసే పిల్ల పడిపోయిందేమో అనుకుని, ఎవరమ్మా నువ్వు అని అడిగాను.

"అడుగున మిగిలిన కొర్రలు ఊడ్చేకి దింపినారు. నిచ్చెన తీసేసినారు."

ఎప్పుడని అడిగాను.

"దండు ఎల్లిపోయినాదా అక్కా?"

రెండో గదికి దారే లేదు. టార్చి అటు తిప్పే ధైర్యం చాలక ఆర్పేశాను. చీపురు చప్పుడు మొదలైంది. మెల్లగా... సందు వైపు.

బండ కదిలింది. ఎండ కళ్లలో కొట్టింది.

"హేమలతమ్మా, ఉండావా? చెప్పులు కనపల్లేదు, కొండ దిగిపోయినావనుకుంటి," అంటూ మారెప్ప నిచ్చెన దింపాడు.

రెండు చేతులా పట్టుకున్నాను. వెనక నుంచి గుసగుస.

"నువ్వు ముందెక్కక్కా. నీ ఎనకాలే వస్తా."

ఎలా ఎక్కానో తెలియదు. పైకొచ్చి కాలే బండ మీద పడ్డాను. ఆ పిల్ల కూడా ఎక్కేదాకా ఒక్క నిమిషం ఆగమని మారెప్పకు చెప్పాల్సింది. అక్కడ చిక్కుకోవడం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసొచ్చింది. అయినా చెప్పలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"నిచ్చెన తీసెయ్యన్నా. తొందరగా," అన్నాను.

లాగాడు. రాలేదు. ఇద్దరం కలిసి లాగాం. మనిషంత బరువు... రెండు మెట్లు పైకొచ్చి, మళ్లీ ఒక మెట్టు కిందికి పోయింది. పళ్లు బిగించి లాగాను. కింద పట్టు ఒక్కసారిగా వదిలింది.

"అక్కా..."

అంతే. ఏడుపు లేదు.

మారెప్ప బండ జరిపి మూశాడు. దాని అంచు సరిచూసుకుని, నా వైపు చూడకుండా చేతులు దులుపుకున్నాడు.

"నాకేమీ ఇనపల్లేదమ్మా," అన్నాడు.

నేనింకా ఏమీ అడగలేదు.