తాళం వేసిన పెట్టెలోంచి పాస్‌పోర్టు

"నా బిడ్డ బతుకు ఆగమైతది మేడమ్! పాస్‌పోర్టు ఎవలో ఎత్తుకపోయిండ్రు," అంటూ భీమక్క గుమ్మంలోనే కూలబడింది.

ఖమ్మం ఖానాపురం హవేలిలో మేడమీది గది ప్రైవేటు డిటెక్టివ్ శ్యామల ఆఫీసు. రెండువేల ఏడు, మే నెల, గురువారం. పర్ణశాల దగ్గరి కోయగూడెం నుంచి బస్సులు మారి, పొద్దుటినుంచి ఏమీ తినకుండా వచ్చిన ఆ మనిషికి శ్యామల ముందు నీళ్లిచ్చింది, తర్వాతే ప్రశ్నలు వేసింది. ఆమె సహాయకుడు రమణ నోట్‌బుక్కు తెరిచాడు. శ్యామల మాట ఒక్కటి జారిపోయినా కేసే జారిపోతుందని అతని భయం.

భీమక్క కూతురు సమ్మక్క భద్రాచలంలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరు. థాయిలాండులో ఒక బడివాళ్లు మూడు నెలలు ఇంగ్లీషు చెప్పడానికి పిలిచారు. వీసా ముద్ర పడిన పాస్‌పోర్టే ఇప్పుడు మాయమైంది. వచ్చే ఆదివారం రైలు, సోమవారం విమానం. ఆమె వెళ్లలేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో రెండో పేరుకు, అదే బడిలో పనిచేసే హేమలతకు పోతుంది.

"పాస్‌పోర్టు ఎక్కడ దాచారు?"

"ఇనుపపెట్టెల. తాళంచెవి నా కొంగుకే ఉంటది. తానానికి పోతే గూట్లె పెడతా, గంతే."

"తాళం పగిలిందా?"

"లేదు. ఏసింది ఏసినట్టే ఉంది."

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"ఆదివారం. హేమలత వచ్చి, సూస్త సూస్త అంటే సూపిచ్చిన. ఆ పిల్ల ముందే పెట్టెల పెట్టి తాళమేసిన. ఆమె పోయింది. మంగళవారం తెరిస్తే లేదు. ఆమెనే తీసింది మేడమ్!"

"ఇంకేం పోయాయి?"

"ఏం పోలే. ఉద్యోగం కాయితం, సర్టిఫికెట్లు, నా వెండి కడియాలు, అన్నీ ఉన్నయి."

"మీ ఆయన ఏమంటాడు?"

"మొదటిసంది వద్దనే అన్నడు. ఇప్పుడు నోరే ఇప్పుతలేడు."

శుక్రవారం పొద్దున్నే శ్యామల, రమణ ఆ ఊరు చేరారు. సమ్మక్క కళ్లు ఉబ్బి ఉన్నాయి. శ్యామల పెట్టె తెరిచి సర్టిఫికెట్ల కవరు బయటికి తీసింది. దానిమీద బూడిద వేళ్ల మచ్చలు.

"పొయ్యి బూడిద మేడమ్," అన్నాడు రమణ.

"పొయ్యి బూడిదలో బొగ్గు నలుసులు ఉంటాయి. ఇది జల్లెడ పట్టిన బూడిద." ఆమె చూపు మూలనున్న విత్తనాల కుండల మీదికి పోయింది. పురుగు పట్టకుండా వాటిలో మెత్తటి బూడిద కలిపి ఉంది.

దండెం మీద పసుపు చున్నీ ఆరేసి ఉంది. ఒక మూల లేదు.

"ప్రయాణానికని కొన్న మేడమ్," అంది సమ్మక్క. "ఎలుక కొరికినట్టుంది."

"మీ ఊరి ఎలుకలు కత్తెర పడతాయా?" అన్నాడు రమణ. అంచు తిన్నగా తెగి ఉంది.

వాకిట్లో సమ్మక్క తండ్రి భద్రయ్య వెదురు చీలుస్తున్నాడు.

"పాస్‌పోర్టు వెతికారా?" శ్యామల అడిగింది.

"ఎతికిన."

"ఎక్కడ?"

"అంతటా." తలెత్తకుండానే అడిగాడు. "మేడమ్, పోయేది బుధవారం కాదా?"

"మొదట బుధవారమే అన్నరు," అంది సమ్మక్క. "టికెట్ మారింది నాయనా. నిన్న పొద్దుగాల చెప్పిన గద."

మధ్యాహ్నానికి కబురందుకుని హేమలత మండిపడుతూ వచ్చింది. "నేను దొంగనా అత్తా? సమ్మక్క ఫొటో ఉన్న పాస్‌పోర్టుతో నన్నెవరు ఇమానం ఎక్కనిస్తరు?"

"ఎక్కనీయకున్నా ఆమెను ఆపొచ్చు గదా!" అంది భీమక్క.

"ఆగండి," అంది శ్యామల. ఊరి పూజారి ముసలయ్యను కూడా పిలిపించి, అందరినీ వాకిట్లో కూర్చోబెట్టింది.

"హేమలత వెళ్లేటప్పటికి పాస్‌పోర్టు పెట్టెలోనే ఉంది, తాళంచెవి భీమక్క కొంగున ఉంది. ఆ చెవి గూట్లోకి వచ్చేది ఆమె స్నానానికి పోయినప్పుడే. అంటే తీసింది ఇంటి మనిషే. మళ్లీ జాగ్రత్తగా తాళం కూడా వేశారు. సమ్మక్కను ఆపాలనుకున్నవాళ్లయితే ఉద్యోగం కాగితం కూడా తీసేవారు. తీసింది బిడ్డ ముఖం ఉన్న పుస్తకం ఒక్కటే."

భీమక్క మొగుడి వైపు తిరిగింది. "నువ్వా?"

"ఆయనే," అంది శ్యామల. "కానీ ఆపడానికి కాదు. వేళ్లకు విత్తనాల బూడిద, బిడ్డ కొత్త చున్నీ ముక్క. ముసలయ్యగారూ, విత్తేముందు గింజలు దేవుని దగ్గర పెట్టి మొక్కే విత్తనాల పండుగ ఎప్పుడు?"

"సోమవారం. ప్రతి ఇంటి మూటా దేవుని కాడ చేరింది. మొక్కి తెరిచినంకనే ఎవరి గింజలు వాళ్లు తీసుకపోయి విత్తుతరు."

"ఈ ఇంటి మూట పసుపు గుడ్డలో ఉందా?"

"అవ్."

భద్రయ్య కత్తి పక్కన పెట్టాడు. "ఇంట్లకెళ్లి బయటికి పోయి మొలవాల్సింది ఏదైనా ముందు దేవునికి సూపియ్యాలె గద మేడమ్. బుధవారం అనుకున్న, సోమవారం పండుగైతది, మంగళవారం తెచ్చిస్త అనుకున్న. మూటల ఏం కట్టినమో తెరిచేదాక చెప్పొద్దు మా ఇంట్ల. ఆదివారం అని తెలిసినకాడికెళ్లి నాకు ముద్ద దిగలే."

"ఒక్క మాట నా చెవిల ఏస్తే ఏమైతుండె?" భీమక్క మొగుడిని తిడుతూనే కళ్లు తుడుచుకుంది. తర్వాత హేమలత చెయ్యి పట్టుకుంది. "తప్పైంది బిడ్డా."

"ఇంత చద్ది పెట్టు, మర్చిపోత," అంది హేమలత.

అయినా చిక్కు విడిపోలేదు. మూట సోమవారానికి గానీ తెరవకూడదు. అందరూ ముసలయ్య ముఖంలోకి చూశారు.

"పండుగ రోజు పెట్టింది మనమే," అన్నాడాయన చివరికి. "గూడెపోళ్లకు చెప్పి వస్త. రేపు పొద్దుగాలనే చేద్దం."

శనివారం డోలు మోగింది. జొన్నలు, కందుల మధ్యలోంచి ముసలయ్య పాస్‌పోర్టు తీసి, దులిపి, సమ్మక్క చేతిలో పెట్టాడు. ఆమె ఒక్కో పేజీ తిప్పింది. వీసా చెక్కుచెదరలేదు. భీమక్క ఇంకా నమ్మక తానూ ఒకసారి తిప్పి చూసింది.

"మీకెట్లా తట్టింది మేడమ్?" రమణ గుసగుసలాడాడు.

"ఇంట్లో వస్తువు పోయిందంటే అందరూ కంగారుపడ్డారు. ఒక్క భద్రయ్య మాత్రం తేదీ అడిగాడు."

భద్రయ్య బిడ్డ పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఆడ ఎవరికి చెప్తవు ఇంగిలీసు?"

"చిన్నపిల్లలకు నాయనా."

"వాళ్లకు రాదా?"

"రాదు. ఎక్కువమందికి ఒక్క ముక్క రాదు. మాట్లాడాలంటే సిగ్గుపడతరట."

భద్రయ్య ముఖం తేటపడింది.

"గట్లనా! అయితే మనసొంటోళ్లే. పోయిరా బిడ్డా."