ఆఖరి మంద్రస్వరం

గ్రీన్‌రూమ్ నేలమీద ఆమె ఒరిగిపోయి ఉంది. ఎర్ర పట్టుగౌను మీద అంతకంటే ఎర్రటి మరక. రెండు దేశాలకూ పనిచేసిన డబుల్ ఏజెంట్ ‘గులాబి’ని ఎవరో కాల్చేశారు.

వెయిటర్ వేషంలో ఉన్న ఏజెంట్ ఆమె తల ఎత్తి పట్టుకున్నాడు.

"స్టేజి కింద బాంబు... దానికో మైకు. రికార్డు చివర్లో వచ్చే బేస్ నోటు వినపడగానే పేలుతుంది. ఆ నోటు పెట్టించింది మా ముఠా. పాపం, ఆ పాట కట్టిన కుర్రాడికేం తెలీదు."

"ఇప్పుడే ఆపేస్తాను."

"వద్దు! పాట ఆగినా పేలుతుంది."

ఆమె చెయ్యి జారిపోయింది.

హాల్లో కొత్త ఎలెక్ట్రో రికార్డు విడుదల. వానరాత్రి సినిమా చూస్తున్నట్టుండే సంగీతం. ముందు వరసలో ముఠా గురిపెట్టిన రక్షణ శాస్త్రవేత్త. ఆయన పక్కనే ఏజెంట్ భార్య. టర్న్‌టేబుల్ దగ్గర ఆమె తమ్ముడు. ఆ సంగీతం వాడిదే.

ఏజెంట్ కళ్లజోడు ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. "చీఫ్, బాంబ్ స్క్వాడ్?"

"దారిలో ఉంది. పాట అయ్యేలోపు చేరడం కష్టం."

ఏజెంట్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. భార్య వైపు చూడకుండా స్టేజి ఎక్కాడు.

"సరిగ్గా టైముకొచ్చావు బావా! అసలైన బేస్ వస్తోంది, విను."

ఏజెంట్ స్పీడు స్విచ్చి ముప్పైమూడు నుంచి నలభై అయిదుకి తిప్పేశాడు. పాట పరుగందుకుంది. గుండెలదరగొట్టాల్సిన మంద్రస్వరం పైస్థాయికెక్కి, కీచుమంటూ దాటిపోయింది. బాంబు గుర్తుపట్టలేదు.

హాలంతా నవ్వు. బావమరిది కాలరు పట్టుకున్నాడు. "పిచ్చెక్కిందా బావా?"

"కింద బాంబుంది. సౌండ్ ఆగితే అందరం పోతాం. సింథ్ కీబోర్డు అందుకో. ఆ నోటు మాత్రం ముట్టుకోకు."

వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా వేళ్లు కదిలాయి. రికార్డు అయిపోయింది. సింథ్ ఆగలేదు.

ఏజెంట్ మైకులో, "వైరింగ్ కాలుతోంది, నెమ్మదిగా బయటికి నడవండి" అన్నాడు. భార్య కదల్లేదు.

"వాడో?"

"వస్తాడు. నువ్వెళ్లు." ఆ మాట ఆమె కళ్లలోకి చూసి అనలేకపోయాడు.

హాలు ఖాళీ అయింది. గులాబిని కాల్చినవాడు గేటు దగ్గర పట్టుబడ్డాడు. స్క్వాడ్ నిపుణుడు స్టేజి కిందికి దూరాడు. బావమరిది చెమటతో తడిసిపోయాడు. వేళ్లు కొయ్యబారిపోయాయి.

"ఇంక నావల్ల కాదు బావా..."

"ఇంకొంచెం, నాయనా!"

చిటికెనవేలు జారి కిందిమెట్టు మీద పడింది. మంద్రస్వరం హాలంతా గుమ్మని మోగింది.

ఏజెంట్ కళ్లు మూసుకున్నాడు.

ఏమీ కాలేదు.

నిపుణుడు తెగిన వైరు పట్టుకుని బయటికి పాక్కుంటూ వచ్చాడు. "అదేనా ఆ నోటు? ఇప్పుడే కత్తిరించాను."

బావమరిది నేలమీద కూలబడ్డాడు.

"రెండేళ్ల కష్టం బావా. ఎలకల పెళ్లిమేళం చేసేశావు కదా!"