ఊగుడు చెక్క

పొద్దున్న ఏడయ్యేసరికి ఆ ఇంట్లో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. వంటింట్లో ఇడ్లీపాత్ర ఆవిరి కక్కుతుంది, వసారాలో గణేష్‌బాబు చెక్క ఎక్కుతాడు. వెంకటదుర్గ పొయ్యి మంట తగ్గించి, చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళి మొగుడికి ఎదురుగా నిలబడుతుంది. అతను ఆమె రెండు చేతులూ పట్టుకుంటాడు. పది నిమిషాలపాటు అతను అటూ ఇటూ ఊగుతుంటే ఆమె మాత్రం కదలకూడదు. బుల్లెమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూస్తూ ఉంటుంది. ఆవిడ చూపంతా కొడుకు ఎడంకాలి మీదే.

ఆ చెక్క ఇంట్లోకి వచ్చిన రోజు ఆవిడ దాన్ని అప్పడాల పీట అనుకుంది. గుండ్రంగా, నున్నగా ఉంది. కింద మాత్రం కొబ్బరిచిప్ప బోర్లించి అతికించినట్టు ఒక బుడిపె. "ఇదేం పీట బాబూ, కుదురుగా నిలవట్లేదు?" అంది. "నిలవకపోవడమే దీని పనండి అమ్మా," అని నవ్వాడు శాంతికుమార్. రామచంద్రపురం నుంచి సోమవారం, గురువారం మోటారుసైకిల్ మీద వచ్చి వ్యాయామాలు చేయించే కుర్రాడతను. చీలమండ విరిగి అతుక్కున్నాక ఎముక గట్టిపడినా, కాలికి నిలకడ దానంతటదే రాదట. ఊగే చెక్క మీద రోజూ నిలబడి మళ్ళీ నేర్పాలట. బ్యాలెన్స్ బోర్డు అని దాని పేరు. ఇంట్లో అందరికీ అది ఊగుడు చెక్క అయిపోయింది.

సార్వా నాట్లకి పొలం దమ్ములు మొదలయ్యేలోగా గణేష్‌బాబు ట్రాక్టరెక్కాలి. క్లచ్ తొక్కేది ఎడంకాలే.

కాలెలా విరిగిందంటే, ఊరికి తెలిసిన కథ ఒకటుంది. కాలవ రేవులో నాచు మీద జారాడు. ఆ కథ అల్లింది బుల్లెమ్మ. ఆసుపత్రిలో డాక్టరు అడక్కముందే చెప్పేసింది. అబద్ధం ఆవిడకి కంఠతా వచ్చిన పాఠం. కోడలి మణికట్టు విరిగినప్పుడు బాత్రూములో జారింది. పెదవి చిట్లినప్పుడు చీకట్లో గుమ్మం తగిలింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. ఆ ఇంట్లో కాళ్ళు జారినన్నిసార్లు గోదావరి గట్టు మీద కూడా ఎవరూ జారి ఉండరు. నోరు మాత్రం ఒక్కసారీ జారలేదు.

అసలు జరిగింది వేరు. మూడు నెలల క్రితం దుర్గ డ్వాక్రా మీటింగు నుంచి ఆలస్యంగా వచ్చింది. అన్నం ఇంకా పొయ్యి మీద ఉంది. గణేష్‌బాబు ఆమెను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి డొక్కలో తన్నాడు. తొమ్మిదేళ్ళ కాపురంలో అది కొత్త కాదు. కొత్త ఏమిటంటే, ఏడేళ్ళ హారతి "వద్దు నాన్నా" అంటూ మధ్యలోకి వచ్చింది. రెండో తన్ను ఆ పిల్ల వీపు మీద పడింది. పిల్ల వెళ్ళి అరుగుకి కొట్టుకుంది, మూతి పగిలి గౌను ముందంతా నెత్తురైంది. దుర్గ లేచి, పశువులపాకకి ఆనించి ఉన్న దుడ్డుకర్ర తీసి, మూడోసారి కాలెత్తిన మొగుడి ఎడమ చీలమండ మీద వేసింది. ఒక్కటే దెబ్బ. ఎముక విరిగిన చప్పుడు పక్కింటికి వినిపించే ఉంటుంది. ఆ ఇంటి చప్పుళ్ళకి పక్కింటివాళ్ళు ఎప్పుడో అలవాటుపడిపోయారు.

పెళ్ళాం కొడితే కాలు విరిగిందని ఏ మొగాడు చెప్పుకుంటాడు? నాచు కథ గణేష్‌బాబుకీ నచ్చింది. కోడల్ని మాత్రం బుల్లెమ్మ క్షమించలేకపోయింది. ఒకరోజు వంటింట్లో ఉండబట్టలేక అడిగేసింది.

"మొగుడి మీద చెయ్యెత్తినదానివి, ఇప్పుడీ సేవలెందుకే?"

దుర్గ ఇడ్లీలు తీస్తూ తల తిప్పలేదు. "విరగ్గొట్టింది నేనే కదండీ అత్తయ్యా. బాగుచేసి ఎల్తాను."

"ఎల్తావా? ఎక్కడికి?"

"పెనుగొండ, మా అమ్మగారింటికి. ఆయన నా చెయ్యి పట్టుకోకుండా ఆ చెక్క మీద నిలబడిన రోజు నేనూ హారతీ బయల్దేరతాం. మళ్ళీ రానండి. మీకు ముందే చెబుతున్నాను, తర్వాత చెప్పకుండా పోయిందనొద్దు."

బుల్లెమ్మకి ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. కొడుకు కాలు బాగుపడాలి. బాగుపడితే ఇల్లు ఖాళీ అవుతుంది. హారతి లేని ఇంటిని ఊహించుకోలేకపోయేది. పొద్దున్నే కొడుకు కాస్త నిలకడగా నిలబడితే సంతోషించాలో ఏడవాలో తెలిసేది కాదు. ఆఖరికి మంగళవారం సాయంత్రం ఎవరూ చూడకుండా ఆ చెక్కను కొంగు కింద పెట్టుకుపోయి గడ్డివామి వెనకాల దాచేసింది. నాలుగు రోజులు ఆలస్యమైతే కోడలి మనసు మెత్తబడకపోతుందా అని ఆశ.

బుధవారం పొద్దున్న గణేష్‌బాబు వసారాలో కుర్చీలో కూర్చుని కేకేశాడు.

"చెక్కేదే?"

"గోడకే ఆనించానండీ."

"ఆనిస్తే రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? నేను కుంటోణ్ణై పడుండాలని కదే నీ ప్లాను! నువ్వు ఊళ్ళు తిరగొచ్చని!"

"నాకు తెలీదండీ. వెతుకుతాను."

వెతకడానికి ఆమె పక్కనుంచి వెళ్ళబోతుంటే జడ పట్టి లాగాడు. కుర్చీ పక్కనున్న చేతికర్ర తీశాడు. మొదటి దెబ్బకి దుర్గ మోచెయ్యి అడ్డం పెట్టింది. రెండోదీ ఆ చేతి మీదే పడింది. మూడోది వీపు మీద. నాలుగోదానికి కర్ర చివర రబ్బరు ఊడి వాకిట్లోకి ఎగిరింది. ఆమె అరవలేదు. తొమ్మిదేళ్ళలో ఆమె నేర్చుకున్నది అదొకటి, అరిస్తే ఇంకో రెండు ఎక్కువ పడతాయని.

బుల్లెమ్మ గుమ్మంలో దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది. "నేనే దాచానురా" అన్న మాట గొంతుదాకా వచ్చింది. వచ్చి, అక్కణ్ణుంచే వెనక్కి పోయింది. చెబితే వాడికి కోపం ఇంకా ఎక్కువవుతుందని తనకి తను నచ్చజెప్పుకుంది.

మధ్యాహ్నం ఆవిడే చెక్క తెచ్చి వసారాలో పెట్టింది. "గడ్డివామి దగ్గర దొరికింది. కుక్క ఈడ్చుకెళ్ళినట్టుంది," అంది. దుర్గ మోచేతికి కొబ్బరినూనె రాసుకుంటోంది. అత్త కొంగుకి అంటుకున్న గడ్డిపోచల్ని చూసింది.

"నేను దెబ్బలు తిన్నప్పుడల్లా ఏదో కారణం మీరే కల్పించి చెప్పేవారండి," అంది. "ఇవాళ కారణం కూడా మీరే అయ్యారు."

బుల్లెమ్మకి తల వాలిపోయింది. ఆ కోడలు గట్టిగా తిట్టినా బాగుండుననిపించింది. అంతకుముందెప్పుడూ ఏ మాటకీ అంత సిగ్గుపడలేదు ఆవిడ.

గురువారం తొమ్మిదింటికి శాంతికుమార్ వచ్చాడు. బుల్లెమ్మ కాఫీ ఇచ్చింది. హారతి బడికి తయారై రిక్షా కోసం మెట్ల మీద కూర్చుంది. గణేష్‌బాబు చెక్కెక్కి రెండు కాళ్ళ మీద బాగానే నిలబడ్డాడు. ఎదురుగా ఉన్న దుర్గ వేళ్ళు ఊరికే అంటుకుని ఉన్నాయి, అంతే.

"చాలా బాగుందండీ గణేష్‌బాబు గారూ. ఇవాళ ఒంటికాలు చేద్దాం. ఎడంకాలు సరిగ్గా మధ్యలో పెట్టండి. అమ్మా, మీరు రెండు చేతులూ గట్టిగా పట్టుకోండి. ఆఁ, ఇప్పుడు కుడికాలు మెల్లగా పైకెత్తి ముందుకి చాపండి."

గణేష్‌బాబు ఎడంకాలి మీద బరువు వేసి కుడికాలెత్తాడు.

దుర్గ చేతులు వదిలేసింది. వదలాలనుకుని వదలలేదు. ఒక చెయ్యి మొహానికి, ఒక చెయ్యి డొక్కకి వాటంతటవే వెళ్ళిపోయాయి. నడుం వంచి, మోకాళ్ళు ముడిచి, ఆమె అలా నేల మీద ముద్దలా అయిపోయింది. మెట్ల మీద హారతి కూడా అదే క్షణంలో రెండు చేతులతో తల కప్పుకుంది. గణేష్‌బాబు గాలిలో చేతులాడించి పక్కకి దబ్బున పడ్డాడు. చెక్క దొర్లుకుంటూ వెళ్ళి గోడకి తగిలింది.

శాంతికుమార్ పడినవాడి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. అతని కళ్ళు దుర్గ మోచేతి మీద కమిలిన చారల దగ్గర నిలిచాయి. అక్కణ్ణుంచి మెట్ల మీది పిల్ల వైపు వెళ్ళాయి.

"వదిలేస్తావంటే, ముండా!" గణేష్‌బాబు పడ్డచోటి నుంచే కర్ర అందుకుని విసురుగా తిప్పాడు. అది దుర్గ కాలిఎముక మీద ఠప్పున తగిలింది.

"ఏంటండీ ఇది! ఆగండి!" అన్నాడు శాంతికుమార్.

"మీరు మీ పని చూసుకోండి సార్! ఇది మా ఇంటి సంగతి."

శాంతికుమార్ బుల్లెమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, రేవులో జారారన్నారు కదండీ?"

ఆ కుర్రాడు అడిగింది ఒక్క మాట. బుల్లెమ్మ నోటికి జవాబు సిద్ధంగానే ఉంది, ఎప్పటిలాగే. నాచు ఉంది, చెప్పుల అరుగుదల ఉంది, చెమ్మ ఉంది. కర్ర మళ్ళీ లేచింది. ఆవిడ ఎలా వెళ్ళిందో ఆవిడకే తెలియదు, రెండు చేతులతో కర్ర పట్టేసుకుంది. కొడుకు గుంజాడు. అరవై నాలుగేళ్ళ మనిషి మోకాళ్ళ మీద పడింది, గచ్చు గీరుకుని చర్మం లేచిపోయింది. కర్ర మాత్రం వదల్లేదు.

"జారలేదు బాబూ," అంది రొప్పుతూ. "నా కొడుకు ఎక్కడా జారలేదు. పెళ్ళాన్ని తన్నాడు, అడ్డమొచ్చిన పిల్లని తన్నాడు. అది దుడ్డుకర్రతో కాలిరగ్గొట్టింది. దాని చెయ్యి విరిగింది బాత్రూములో కాదు, ఇదిగో ఈ వసారాలో. అన్నీ నా కళ్ళముందే జరిగాయి. అన్నిటికీ నేనే అబద్ధాలు చెప్పాను."

"అమ్మా, నోర్ముయ్!"

"ముయ్యనురా. ముప్పై ఏళ్ళు మీ నాన్న కొడితే మూసుకున్నాను. నువ్వు మంచం కింద దూరి చూస్తుండేవాడివి, నీకు భయమేస్తుందని ఏడుపు కూడా మింగేశాను. మింగి నీకేం నేర్పానో ఇప్పుడు తెలుస్తోంది. మొన్న ఆ చెక్క దాచింది నేను. నిన్న దెబ్బలు దానికి పడుతుంటే గుడ్లప్పగించి చూశాను."

గణేష్‌బాబు చేతిలో పట్టు సడలింది. కర్ర ఆవిడ చేతికొచ్చింది. ఆవిడ దాన్ని వాకిట్లోకి విసిరేసింది.

"దుర్గా, లే. బట్టలు సర్దుకో. ఇవాళే ఎల్లిపో తల్లీ."

"ఆయన కాలు ఇంకా..."

"మానితే మానుతుంది, లేకపోతే లేదు. నువ్వు బాకీ పడింది ఏం లేదు. మళ్ళీ రావాలో వద్దో నీ ఇష్టం. రమ్మని నేను కబురు పెట్టను."

తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో పైకి ఏడవని దుర్గ అప్పుడు అత్త భుజం మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. బుల్లెమ్మ ఆ కమిలిన చేతిని నిమురుతూ "నన్ను క్షమించమ్మా" అంది. అత్త కోడలితో అనే మాట కాదది, కానీ అనేసింది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకోవడం అదే మొదటిసారి.

శాంతికుమార్ ఆటో పిలిపించాడు. ఆటో కదిలేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. "ఆ చెయ్యి ఆసుపత్రిలో చూపించండమ్మా. ఎలా తగిలిందంటే ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సాక్ష్యం కావాలంటే నేనొస్తాను," అన్నాడు దుర్గతో. హారతి వెనక అద్దంలోంచి నాయనమ్మకి చెయ్యూపింది. బుల్లెమ్మ ఆటో సందు మలుపు తిరిగేవరకూ చూసి లోపలికొచ్చింది.

గణేష్‌బాబు పడ్డచోటే కూర్చుని ఉన్నాడు. అరుపులన్నీ ఎక్కడికి పోయాయో, చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పటి మొహంలా ఉంది మొహం.

"దానికి రోజూ భయమేసేదా అమ్మా, నా చేతులు పట్టుకున్నప్పుడు?"

"రోజూ."

అతను కుడిచెయ్యి తల్లి వైపు చాపాడు. "నన్ను లేపమ్మా."

బుల్లెమ్మ చెయ్యందించబోయింది. కాళ్ళు మాత్రం రెండడుగులు వెనక్కి వేశాయి. అవి వెనక్కి వేసిన సంగతి, గోడ వీపుకి తగిలాక గానీ ఆవిడకి తెలియలేదు. నిన్న గొంతులో ఆగిపోయిన మాట ఎందుకాగిందో అప్పుడర్థమైంది ఆవిడకి. వాడికి కోపం పెరుగుతుందని కాదు. ఆవిడకీ వాడంటే భయం. పాలిచ్చి పెంచిన కొడుకంటే భయం.

"నేనేనమ్మా," అన్నాడు గణేష్‌బాబు, చెయ్యి అలాగే చాపి.

"నువ్వే కాబట్టేరా," అంది బుల్లెమ్మ. అనేసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గణేష్‌బాబు చాపిన చెయ్యి వైపు తనే కాసేపు చూసుకున్నాడు. మెల్లగా దాన్ని వెనక్కి తీసుకుని, మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు.