గోడమంచం గొళ్ళెం

డెబ్బైమూడులో నాకు పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికిందని మావాళ్ళు సంబరపడ్డారు గానీ, నేనుండే గది చూస్తే నోరెళ్ళబెట్టేవారు. లక్డారంలో మొగులమ్మగారింటి వెనకగది అది. స్టవ్ పెడితే మంచానికి చోటుండదు, మంచం వేస్తే స్టవ్‌కి ఉండదు. అందుకే ఆవిడ గోడలో లోతుగా గూడు చేయించి, పైకెత్తి అందులోకి మూసేసే చెక్కమంచం పెట్టించింది. ఎత్తి బయట గొళ్ళెం వేస్తే తలుపులా ఉంటుంది. రాత్రి నాతో గది పంచుకునే వీర్రాజు పడుకునేవాడు, నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు నేను. లేచినవాడు మంచమెత్తి, గొళ్ళెం వేసి పోవాలి. పరుపుకి చల్లబడే తీరికే లేదని నవ్వుకునేవాళ్ళం.

ఆ వారం వీర్రాజు పెళ్ళిచూపులకని తుని వెళ్ళాడు. పొద్దున నేను డ్యూటీ దిగొచ్చి మంచం దించాను. నిన్న సాయంత్రం ఎత్తింది నేనే. అయినా పరుపు వెచ్చగా ఉంది. ఒళ్ళు హూనమై ఉన్నానేమో, పట్టించుకోలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను.

మెలకువొచ్చేసరికి చీకటి. మోచేయి కదిపితే చెక్క. మోకాలు కదిపితే గోడ. మంచం నాతో సహా పైకి లేచిపోయింది. బయట గొళ్ళెం టక్కున పడింది. సున్నం వాసన... దాని మాటున పాతచెమట వాసన...

"మొగులమ్మగారూ! తియ్యండి..." భయానికి నా గొంతు పీలగా వచ్చింది.

నా వీపు వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

"జెర జరుగన్నా..." అని గుసగుస. "నా డ్యూటీ టైమైంది... నన్ను పోనియ్యి..."

జరగడానికి చోటేదీ? అయినా ఒళ్ళు గోడలోకి ఒత్తుకుపోయింది. వాడు నన్ను దాటుకుంటూ... చల్లగా...

గొళ్ళెం తీసిన చప్పుడు. వెలుతురు. మొగులమ్మగారు రెక్క పట్టి బయటికి లాగింది. లాగి, అలవాటుకొద్దీ మంచమెత్తి గొళ్ళెం వేసేసింది.

"దీన్లకెట్ల పోయినవయ్యా? ఇద్దరు పిలిచినట్టు ఇనొచ్చింది!" ఆవిడ గొళ్ళెం వంక చూసింది. "పోయినేడు గిట్లనే అయింది. ముసుగేసుకొని పండుకున్న బక్క పిలగాన్ని సూడక, వాని దోస్తు మంచమెత్తి గొళ్ళెమేసి డ్యూటీకి పోయిండు. పొద్దుగూకి తీస్తే... పానం లేదు."

నాకు ఏడుపొచ్చింది. నన్ను బతికించారమ్మా అందామని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నోరు తెరిస్తే వచ్చిన మాట వేరు.

"నా డ్యూటీ టైమైందమ్మా. పోతున్న."

మొగులమ్మగారు చెయ్యి విదిలించుకుని వెనక్కి జరిగింది.

అప్పుడు చెక్క వెనక నుంచి పీలగొంతు వినిపించింది. అది నాదే.

"మొగులమ్మగారూ! తియ్యండి..."